టాప్ లోడ్ వాషింగ్ మెషిన్ మొరాయిస్తే: ఇంట్లోనే చూసుకునే పద్ధతి, నెలనెలా చేయాల్సిన పనులు

మా మెషిన్ ఒకసారి నీళ్లు పట్టడం మానేసింది. వచ్చిన మెకానిక్ మూత ఎత్తి, రెండు బటన్లు నొక్కి చూసి, "బోర్డు పోయిందండీ, మార్చాల్సిందే" అన్నాడు. బోర్డంటే మెషిన్ పనులన్నీ నడిపించే ఎలక్ట్రానిక్ పలక. ఆలోచించుకుని చెబుతానని పంపించేశాను. ఆ సాయంత్రం వెనక పైపు విప్పి చూస్తే, అది తగిలే చోట ఉన్న చిన్న జాలీ నిండా ఇసుక, తుప్పు. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి, మళ్లీ బిగించాక మెషిన్ ఏమీ ఎరగనట్టు నీళ్లు పట్టింది. అతను మోసం చేశాడని అనను. చూడాల్సిన వరసలో చూడలేదు, అంతే. ఆ వరస ఏమిటో చెబుతాను.

ఎన్ని బటన్లున్నా టాప్ లోడ్ మెషిన్ చేసే పనులు నాలుగే. నీళ్లు పడుతుంది, బట్టల్ని తిప్పుతుంది, నీళ్లు వదిలేస్తుంది, పిండుతుంది. ఉతకడమైనా జాడించడమైనా ఈ నాలుగింటినీ మార్చి మార్చి చేయడమే. మెషిన్ ఆగిపోతే ముందు తేల్చుకోవాల్సింది ఏ పని దగ్గర ఆగిందన్నది. అది తేలితే అనుమానించాల్సిన భాగాలు రెండు మూడుకు మించవు.

లోపల ఏముంటుంది

కంటికి కనిపించే స్టీలు టబ్బుకు ఒళ్లంతా చిల్లులుంటాయి. నీళ్లు నిలిచేది దాని బయట ఉన్న ప్లాస్టిక్ టబ్బులో. ఈ రెండింటి మధ్య సందు మనకు కనిపించదు, చెయ్యి పోదు. కంపు పుట్టేదీ, నల్ల పొరలు పేరుకునేదీ అక్కడే.

టబ్బుల జత మొత్తం నాలుగు మూలల నుంచి స్ప్రింగులున్న నాలుగు కడ్డీలకు వేలాడుతూ ఉంటుంది. అడుగున తిరిగే పళ్లెం లాంటిది పల్సేటర్. దాని కింద మోటారు, బెల్టు, క్లచ్. కొన్ని మోడళ్లలో బెల్టు ఉండదు, మోటారే నేరుగా తిప్పుతుంది. ఉతికేటప్పుడు పల్సేటర్ ఒక్కటే అటూ ఇటూ తిరుగుతుంది. పిండేటప్పుడు టబ్బు కూడా దానితో కలిసి ఒకే వైపు తిరుగుతుంది. ఈ మార్పు చేసేది క్లచ్.

ఇక్కడ ఒక కిటుకు గుర్తుపెట్టుకోవాలి. పంపు లేని మోడళ్లలో డ్రైన్ మోటారు అనే చిన్న మోటారు ఒకటి ఉంటుంది. అది ఒక తీగను లాగితే నీళ్లు పోయే వాల్వు తెరుచుకుంటుంది, అదే లాగుడుకు క్లచ్ కూడా స్పిన్ వైపు మారుతుంది. అందుకే "నీళ్లూ పోవడం లేదు, స్పిన్నూ అవడం లేదు" అంటే రెండు రిపేర్లు అనుకోకండి. చాలాసార్లు రెంటికీ దొంగ ఒక్కడే.

నీళ్లు ఎంత వచ్చాయో మెషిన్‌కు ఎలా తెలుస్తుంది? బయటి టబ్బు అడుగు నుంచి సన్నని రబ్బరు గొట్టం ఒకటి పైనున్న ప్రెషర్ సెన్సర్ దాకా వెళ్తుంది. నీళ్లు పెరిగేకొద్దీ ఆ గొట్టంలో గాలి నొక్కుకుంటుంది. ఆ ఒత్తిడిని బట్టే సెన్సర్ మట్టం లెక్కగడుతుంది. వేలెడు లావు కూడా లేని ఈ గొట్టం ఊడినా, చిల్లిపడినా, మురికితో మూసుకున్నా మెషిన్ లెక్క తప్పుతుంది.

చెయ్యి పెట్టే ముందు

ప్లగ్గు తీసెయ్యాలి. స్విచ్ ఆపితే చాలదు. ట్యాప్ కట్టెయ్యాలి. వెనక మూత గానీ అడుగు భాగం గానీ తెరిస్తే కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే డబ్బా లాంటి భాగం) జోలికి పోవద్దు, ప్లగ్గు తీశాక కూడా అందులో కరెంటు నిలవ ఉండొచ్చు. మెషిన్ బాడీ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమన్నా సరే ఆ రోజు నుంచే వాడకం ఆపి, ముందు ఎర్త్ చూపించాలి. తడి నేల, ఇనుప బాడీ, ఎర్త్ లేని సాకెట్ మూడూ ఒకచోట చేరితే ప్రాణాల మీదికి వస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మెషిన్ నడపడం కూడా మానుకోవాల్సిన అలవాటే.

ప్రతి ఉతుకుకూ

జేబులు తడమండి. నాణేల కంటే హెయిర్‌పిన్నులు, లోదుస్తుల్లోంచి ఊడే తీగలు ఎక్కువ హాని చేస్తాయి. అవి టబ్బు చిల్లుల్లోంచి జారి డ్రైన్ వాల్వులో అడ్డం పడతాయి.

బట్టలు వదులుగా వేస్తే టబ్బులో ముప్పాతిక దాకా రావాలి, కుక్కకూడదు. మరీ నిండితే చిన్న సాక్సు, రుమాలు లాంటివి టబ్బు అంచు దాటి ఆ కనిపించని సందులోకి పోతాయి. సాక్సు జతలో ఒకటి మాయమైందంటే మెషిన్‌నూ అనుమానించాలి.

డిటర్జెంట్ విషయంలో చాలామంది చేసేది పొరపాటే. ఎక్కువ నురగ వస్తే ఎక్కువ శుభ్రం అనుకుంటారు. నురగ ఎక్కువైతే బట్టలు ఒకదానితో ఒకటి సరిగ్గా రాసుకోవు, జాడింపు చాలదు, స్పిన్‌లో టబ్బు చుట్టూ నురగ పట్టుకుని వేగం అందదు. మిగిలిపోయిన డిటర్జెంటే సందులో జిడ్డులా పేరుకుంటుంది. నురగ తక్కువ వచ్చే మెషిన్ డిటర్జెంట్‌నే వాడి, ప్యాకెట్ మీద చెప్పిన కొలతతో మొదలుపెట్టండి. ఆఖరి జాడింపు నీళ్లలో ఇంకా నురగ తేలుతుంటే కొలత తగ్గించండి. ఉప్పు నీళ్లయితే కొలత కొంచెం పెరగక తప్పదు, ఎందుకంటే నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కొంత డిటర్జెంట్‌ను తినేస్తాయి.

పని అయిపోయాక ట్యాప్ కట్టెయ్యండి. మూత రెండు మూడు గంటలైనా తెరిచి ఉంచండి, పిల్లలున్న ఇంట్లో ప్లగ్గు కూడా తీసేసి. పీచు పట్టే జాలీ సంచీని వారానికి ఒకసారి తిరగేసి కడగండి. అది చిరిగితే కొత్తది వేయండి, చిరిగిన సంచీ ఉన్నా లేనట్టే.

నెలకోసారి: టబ్ క్లీన్

రోజూ సబ్బునీళ్లు తగిలే టబ్బు దానంతట అదే శుభ్రంగా ఉంటుందనుకుంటాం. చర్మపు జిడ్డు, డిటర్జెంట్ తెట్టు, సాఫ్ట్‌నర్ మైనం, నీటిలోని సున్నం కలిసి సందులో పొరగా కడతాయి, దాని మీద బూజు పెరుగుతుంది. అది పెచ్చులుగా ఊడితేనే ఉతికిన తెల్లబట్టల మీద నల్లటి, గోధుమరంగు తునకలు కనిపిస్తాయి.

రెండు రకాల మురికికి రెండు రకాల మందులు. సున్నపు పొరకు ఆమ్లం కావాలి, అంటే నిమ్మ ఉప్పు లేదా దుకాణాల్లో దొరికే డీస్కేలింగ్ పౌడర్. బూజుకు, జిడ్డుకు బ్లీచింగ్ రకం కావాలి, అంటే ఆక్సిజన్ బ్లీచ్ లేదా టబ్ క్లీనర్ పౌడర్. ఈ రెంటినీ ఒకే రోజు, ఒకే నీళ్లలో వాడొద్దు. క్లోరిన్ ఉన్న బ్లీచ్‌లో నిమ్మ ఉప్పో వెనిగరో కలిస్తే విషవాయువు వస్తుంది. నేనైతే ఒక నెల ఇదీ, మరుసటి నెల అదీ వాడతాను.

1. టబ్బులో బట్టలేమీ ఉండకూడదు. పీచు సంచీలు తీసి విడిగా కడగండి.
2. నీటి మట్టం అన్నిటికంటే ఎక్కువకు పెట్టి నింపండి. టబ్ క్లీన్ బటన్ ఉంటే అదే నొక్కండి. హీటర్ లేని మెషిన్ అయితే వేడినీళ్లు బకెట్లతో పోయొచ్చు, మరుగుతున్నవి మాత్రం వద్దు. ఆక్సిజన్ బ్లీచ్ 40 నుంచి 60 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది, చన్నీళ్లలో మందకొడిగా ఉంటుంది.
3. పౌడర్‌ను ప్యాకెట్ మీది కొలత ప్రకారం వేయండి. విడి నిమ్మ ఉప్పు అయితే 100 గ్రాములు చాలు.
4. రెండు నిమిషాలు తిప్పి, ఆపి, గంటసేపు నాననివ్వండి. ఆమ్లంతో రాత్రంతా నానబెట్టొద్దు, రబ్బరు సీళ్లకు మంచిది కాదు.
5. మళ్లీ తిప్పండి. పైకి తేలిన పెచ్చులను టీ వడకట్టే జాలీ లాంటిదానితో తీసెయ్యండి. వాటిని అలాగే డ్రైన్‌లోకి వదిలితే వాల్వు మూసుకోవచ్చు.
6. నీళ్లు వదిలి, ఉత్త నీళ్లతో ఇంకోసారి పూర్తిగా నడపండి.

ఏళ్లుగా చేయని మెషిన్‌కు మొదటిసారి చేస్తే పెచ్చులు రెండు మూడు ఉతుకుల దాకా వస్తూనే ఉంటాయి. భయపడక్కర్లేదు, ఆ వారం తెల్లబట్టలు మాత్రం వేయకండి.

డిటర్జెంట్ డ్రాయర్ కూడా లాగి బయటికి తీసి కడగండి. సాఫ్ట్‌నర్ గడి మూసుకుంటే అది బట్టల్లోకి వెళ్లకుండా అక్కడే జిగురులా నిలిచిపోతుంది.

మూడు నెలలకోసారి

నీళ్లొచ్చే పైపు మెషిన్ వైపు విప్పితే వాల్వు లోపల చిన్న జాలీ కనిపిస్తుంది. ముక్కు పట్టకారుతో మెల్లగా లాగి, బ్రష్‌తో కడిగి, మళ్లీ పెట్టండి. ట్యాంకు కడిగించిన వారంలో ఇది తప్పకుండా చూడాలి, ఎందుకంటే కదిలిన మడ్డంతా వచ్చి చేరేది ఇక్కడికే. పైపు బిగించేటప్పుడు లోపలి రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూసి చేత్తోనే బిగించండి. ప్లాస్టిక్ మరకు పానా పెడితే చిట్లుతుంది.

మెషిన్ మట్టంగా ఉందా చూడండి. మూత మీద రసమట్టం పెట్టి రెండు వైపులా చూడొచ్చు. అది లేకపోతే ఎదురెదురు మూలల మీద చేతులు వేసి మార్చి మార్చి నొక్కండి. టకటకమంటే ఒక కాలు నేలకు ఆనడం లేదు. ఆ కాలు తిప్పి సరిచేసి, దాని మీది నట్టు బిగించండి. నట్టు వదులుగా వదిలేస్తే పది ఉతుకుల్లో మళ్లీ మొదటికొస్తుంది. కాలి కింద మడిచిన అట్టముక్క పెట్టడం పరిష్కారం కాదు, తడికి మెత్తబడిపోతుంది.

అడుగు నుంచి ఎలుకలు దూరే సందు ఉంటే జాలీతో మూయించండి. వైర్లు కొరికిన మెషిన్‌లో తప్పు ఎక్కడుందో వెతకడం మెకానిక్‌కు కూడా తలనొప్పే.

నీళ్లు పట్టడం లేదు

ముందు ట్యాప్ తెరిచి ఉందా చూడండి. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. తర్వాత పైపు మడత పడిందా, జాలీ మూసుకుందా అన్నది. ఇవన్నీ బాగుంటే నీటి ఒత్తిడి. చాలా మెషిన్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్ కావాలి. 10 మీటర్ల ఎత్తు నీళ్లు ఇచ్చే ఒత్తిడి సుమారు 1 బార్ కాబట్టి, ట్యాంకులో నీటి మట్టం మెషిన్ కంటే మూడు నుంచి ఐదు మీటర్లు పైన ఉండాలన్నమాట. పై అంతస్తులో, ట్యాంకు కిందనే మెషిన్ పెట్టుకున్నవాళ్లకు నీళ్లు సన్నగా రావడానికి కారణం ఇదే. ఎంతమంది మెకానిక్‌లు వచ్చినా దాన్ని మార్చలేరు, చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవాల్సిందే.

ఇవేవీ కాకపోతే నీళ్లను లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వు. స్టార్ట్ నొక్కగానే వెనక నుంచి సన్నని గుంయ్‌మనే శబ్దం వచ్చి నీళ్లు రాకపోతే వాల్వు లోపల ఇరుక్కుంది. శబ్దమే లేకపోతే వాల్వును తెరిచే కాయిల్ గానీ, దానికి కరెంటు పంపే వైరు, బోర్డు గానీ. బోర్డు పేరు ఎత్తాల్సింది ఇక్కడికి వచ్చాకే.

నీళ్లు నిండుతూనే ఉన్నాయి, ఆగడం లేదు

ప్లగ్గు తీసేసి చూడండి. అప్పుడూ నీళ్లు వస్తుంటే ఇన్‌లెట్ వాల్వు మూసుకోవడం లేదు, మార్చాలి. ప్లగ్గు తీయగానే ఆగితే రెండు దారులు. టబ్బులో మట్టం పెరుగుతోందా? అయితే ఆ సన్నని గాలి గొట్టమో సెన్సరో. మట్టం పెరగడమే లేదా? అయితే వచ్చిన నీళ్లు వచ్చినట్టే డ్రైన్‌లోకి పోతున్నాయి. దాన్ని తేల్చడం సులువు. టబ్బు నింపి, ఆపి, నీటి అంచు దగ్గర టేపు ముక్క అంటించి పావుగంట ఆగండి. మట్టం దిగితే డ్రైన్ వాల్వులో ఏదో ఇరుక్కుంది. మా ఇంట్లో అది ఒకసారి హెయిర్‌పిన్ను. నీళ్ల బిల్లు చూసి టెన్షన్ పడ్డాకే దొరికింది.

నీళ్లున్నాయి, తిరగడం లేదు

మూత సరిగ్గా పడిందా, చైల్డ్ లాక్ వెలుగుతోందా చూసి, ప్లగ్గు తీసి ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. తర్వాత వినాలి. మోటారు గుర్రుమంటూ తిరగకపోతే, ప్లగ్గు తీసి పల్సేటర్‌ను చేత్తో తిప్పండి. సులువుగా తిరిగితే కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు. ఇన్వర్టర్ మోటారు (వేగాన్ని ఎలక్ట్రానిక్స్‌తో మార్చుకునే రకం) లేని మామూలు మోడళ్లలో ఇది తరచూ వచ్చేదే, బాగుచేయించడమూ తేలికే. బిగుసుకుపోయి ఉంటే పల్సేటర్ కింద ఏదో ఉంది. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూ పల్సేటర్ కదలకపోతే బెల్టు జారింది, లేదా పల్సేటర్ లోపలి పళ్లు అరిగాయి. కాలిన రబ్బరు వాసన వస్తే బెల్టే.

పల్సేటర్ విప్పడం ఇంట్లో చేయగలిగిన పనే. నీళ్లన్నీ వదిలి, ప్లగ్గు తీసి, మధ్యలో మూత ఉంటే పీకి, స్క్రూ తల మీద తెట్టు ఉంటే గీకెయ్యండి. స్క్రూ గాడికి సరిపోయే స్క్రూడ్రైవర్‌తో బలంగా నొక్కుతూ విప్పాలి. చిన్నది పెట్టి తిప్పితే గాడి చెడి, ఆపైన ఎవరికీ రాదు. స్క్రూ వచ్చినా పల్సేటర్ ఊడి రాదు. దాని చుట్టూ కాస్త వేడినీళ్లు పోసి, అంచు కింద ఎదురెదురుగా రెండు గట్టి తాళ్లు దూర్చి సమానంగా పైకి లాగండి. స్క్రూడ్రైవర్‌తో అంచు ఎత్తితే ప్లాస్టిక్ విరుగుతుంది. కింద ఏముందో చూశాక ముక్కు మూసుకుంటారు. కడిగి, పళ్లు అరిగాయేమో చూసి తిరిగి బిగించండి.

నీళ్లు పోవడం లేదు

డ్రైన్ పైపు వెళ్లే దారంతా చూడండి. పంపు లేని మెషిన్‌లో నీళ్లు కిందికి వాలి పోవాల్సిందే. పైపును గడప మీదుగా ఎక్కించినా, పొడవు పెంచడానికి ఇంకో పైపు అతికించినా, చివర నీళ్లలో మునిగి ఉన్నా ప్రవాహం నిలుస్తుంది. పంపు ఉన్న మోడల్‌లో మాత్రం పైపు కొంత ఎత్తున ఉండాలి, పుస్తకంలో చెప్పిన ఎత్తుకు కట్టాలి. మీది ఏ రకమో తెలియకపోతే స్పిన్ మొదట్లో వినండి. నీళ్లు తోడుతున్న హోరు వినిపిస్తే పంపు.

పైపు బాగానే ఉంటే, డ్రైన్ మొదలవ్వగానే అడుగు నుంచి టక్‌మని లాగిన శబ్దం వస్తోందా వినండి. శబ్దం వచ్చీ నీళ్లు పోకపోతే వాల్వులో చెత్త. శబ్దమే లేకపోతే డ్రైన్ మోటారు.

స్పిన్‌లో ఊగిపోతోంది

అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టేది ఇదే, ఎక్కువసార్లు ఖర్చు లేకుండా తీరేదీ ఇదే.

ముందు ఆపి మూత తీయండి. దుప్పటి ఒకటి చుట్టుకుని ఒక పక్క ముద్దలా చేరి ఉంటుంది. విప్పి చుట్టూ సర్దండి. బరువైనది ఒక్కటే వేస్తే పక్కన రెండు తువ్వాళ్లు జత చేయండి. ఇది కుదిరితే కథ ముగిసినట్టే. కుదరకపోతే మెషిన్ మట్టం చూడండి.

అదీ బాగుంటే కడ్డీల సంగతి. ఖాళీ టబ్బును రెండు చేతులతో కిందికి నొక్కి వదిలేయండి. ఒకటి రెండుసార్లు లేచి కుదురుకోవాలి. నాలుగైదుసార్లు ఎగిరెగిరి పడుతుంటే కడ్డీల అడుగున ఊపును అణిచే డాంపర్లు అరిగాయి. టబ్బు ఖాళీగా ఉన్నప్పుడే ఒక పక్కకు ఒరిగి ఉంటే ఒక కడ్డీ ఊడింది లేదా స్ప్రింగు పోయింది. అరిగింది ఒకటే అయినా నాలుగూ కలిపి మార్చడం మేలు. పాత మూడూ, కొత్త ఒకటీ ఒకేలా సాగవు.

ఇంకొకటి తక్కువ మందికి తెలుసు. టబ్బు పై అంచున ఉన్న లావుపాటి ప్లాస్టిక్ రింగు అలంకారం కాదు. అందులో ఉప్పునీళ్లుంటాయి. టబ్బు తిరిగేటప్పుడు ఆ నీళ్లు బరువు తక్కువ ఉన్న వైపు చేరి సమం చేస్తాయి. రింగు చిట్లి నీళ్లు కారిపోతే, ఎంత సర్దినా ఊగుడు తగ్గదు.

రెయిన్‌కోటు, వాటర్‌ప్రూఫ్ పరుపు కవరు లాంటివి స్పిన్‌లో అసలు వేయకండి. వాటిలోంచి నీళ్లు బయటికి రావు, సంచీలా పట్టుకుని ఉండి అకస్మాత్తుగా ఒక పక్కకు పడతాయి. ఆ దెబ్బ ఎంత గట్టిదో తెలియాలంటే, 2016 నవంబరులో అమెరికాలో సాంసంగ్ దాదాపు 28 లక్షల టాప్ లోడ్ మెషిన్లను రీకాల్ చేసిన సంగతి చూడండి. స్పిన్‌లో విపరీతంగా ఊగి పై భాగం ఊడి ఎగరవచ్చన్నదే కారణం. బరువైన, నీళ్లు దిగని బట్టలకు తక్కువ వేగపు సైకిలే వాడమని అప్పుడు వాడకందారులకు చెప్పారు.

శబ్దాలు, లీకులు

గలగల అంటే నాణెం. కీచుమంటే బెల్టు. స్పిన్ వేగం పెరిగేకొద్దీ విమానం లేస్తున్నట్టు హోరు పెరుగుతుంటే బేరింగు. దానితోపాటు మెషిన్ నడిమధ్య అడుగున తుప్పునీళ్లు కనిపిస్తే సీలు చెడి నీళ్లు బేరింగులోకి దిగుతున్నాయి. ఇది టబ్బు మొత్తం ఊడదీసే పని, మెకానిక్‌కే వదిలెయ్యండి. ఆలస్యం చేస్తే టబ్బును తిప్పే ఇరుసు (షాఫ్టు) కూడా అరిగి ఖర్చు పెరుగుతుంది.

లీకు ఎక్కడిదో తెలియాలంటే మెషిన్ చుట్టూ పాత పేపర్లు పరిచి నడపండి. నీళ్లు పట్టేటప్పుడే వెనక తడిస్తే ఇన్‌లెట్ పైపు వాషర్. వదిలేటప్పుడు తడిస్తే డ్రైన్ పైపు. ముందువైపు కారుతుంటే తరచుగా డిటర్జెంట్ డ్రాయర్ మూసుకుని పొంగడమో, నురగ మరీ ఎక్కువవడమో.

తెర మీద అక్షరాలు

కోడ్ చెప్పేది ఏ భాగం పోయిందో కాదు, ఏ పని పూర్తవలేదో. ఎల్జీ మెషిన్లలో ఐఈ అంటే నీళ్లు రాలేదని, ఓఈ అంటే నీళ్లు పోలేదని, యూఈ అంటే బరువు ఒక పక్కకు చేరిందని, డీఈ అంటే మూత పడలేదని. సాంసంగ్‌లో ఇవే 4సీ, 5సీ, యూబీ, డీసీగా కనిపిస్తాయి. ఇతర కంపెనీల కోడ్‌లు వాటి పుస్తకాల్లో ఉంటాయి, మోడల్‌ను బట్టి మారతాయి. పుస్తకం పోతే మూత లోపలో వెనకో అంటించిన స్టిక్కర్ మీది మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

ఇవన్నీ చూశాక కూడా మెకానిక్‌ను పిలవాల్సి వస్తే, ఫోన్‌లోనే మోడల్ నంబరు, ఏ పని దగ్గర ఆగుతోంది, ఏ శబ్దం వస్తోంది లేదా రావడం లేదు, కోడ్ ఏమిటి, మీరు ఇప్పటికే ఏవేవి చూశారు అన్నవి చెప్పండి. వీలైతే ఆగే క్షణాన్ని శబ్దంతో సహా చిన్న వీడియో తీసి ఉంచండి, మెకానిక్ వచ్చినప్పుడు మెషిన్ బుద్ధిగా నడిచి మిమ్మల్ని అబద్ధాలకోరును చేయడం మామూలే. బోర్డు మార్చాలంటే మాత్రం జాలీ, పైపు, గొట్టం, డ్రైన్ మోటారు చూశారా అని అడిగి, మార్చిన పాత భాగాన్ని మీకే ఇమ్మనండి.